రంగస్థలమునకు మరలివచ్చిన హెండెల్

నాటకము నశించుటకు దానిని అగ్నికి ఆహుతి చేయనక్కరలేదు. అది ప్రదర్శనయోగ్యము కాదని కొన్ని తరములవారు నమ్మినచో చాలును. జర్మనీలో జన్మించి ఇంగ్లండున స్థిరపడిన హెండెల్ రచించిన ఆపెరాలకు పట్టిన గతి యిదియే. నలుబదికి పైబడిన ఆ సంగీతనాటకములు 1754 తరువాత నూట యరువది యేండ్లకు పైగా రంగస్థలమునకు దాదాపు దూరమైనవి.

1920లో జర్మనీలోని గ్యోటింగెన్ పట్టణమున ఆస్కార్ హాగెన్ అను కళాచరిత్రకారుడు ‘రోడెలిండా’ను పునరుద్ధరించెను. యత్నము స్తుత్యమే. కాని వీరనాయకులకై హెండెల్ తారస్థాయిలో వ్రాసిన గానమును పురుషుల మంద్రస్థాయికి దింపి, పాటలను కుదించుట నాటి పద్ధతి యయ్యెను. ప్రాణము పోసిన చేతులే అంగచ్ఛేదము గావించినవి.

ఈ పద్ధతిని ఎదిరించిన పండితులలో అగ్రగణ్యుడు వింటన్ డీన్. 1916లో జన్మించిన ఇతనికి తండ్రి బేసిల్ డీన్ ప్రఖ్యాత నాటక ప్రయోక్త. కేంబ్రిడ్జిలో చదువుకొను దినములలో హెండెల్ ‘సాల్’ను నాటకముగా ప్రదర్శింపగా, ఆ యనుభవము ఇతని మనస్సున నాటుకొనెను. విశ్వవిద్యాలయమున శాశ్వత పదవి లేకున్నను, హెండెల్ ఆరటోరియోలపై 1959లో ప్రకటించిన బృహద్గ్రంథము ఇతనికి విద్వల్లోకమున ఉన్నతస్థానము నొసగెను. 1965-66లో అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయము ఇతనిని ఆహ్వానించెను. అచటి ఉపన్యాసములు 1969లో గ్రంథరూపము దాల్చినవి.

హెండెల్ పాటలో రెండవ భాగము ముగిసిన పిదప మొదటి భాగము మరల వచ్చును. పల్లవి నెత్తుకొన్నట్లుండు నీ పునరావృత్తి కథాగమనమును ఆపివేయునని విమర్శకుల ఆక్షేపణ. ఒక్కొక్క పాట పాత్ర యందలి ఒక్కొక్క ముఖమును చూపుననియు, అవన్నియు చేరిననే సంపూర్ణవ్యక్తి యేర్పడుననియు డీన్ సమాధానము. కావున పాటను ఖండించుట పాత్రను ఖండించుటయే.

వాదముతో ఇతడు తృప్తి చెందలేదు. హెండెల్ స్వహస్తలిఖితములను, లేఖకుల ప్రతులను, నాటి ప్రేక్షకులకై అచ్చువేసిన సాహిత్యపు పుస్తకములను సరిపోల్చెను. గాయకులు మారినప్పుడు ఏ పాట చేరెనో, ఏది తొలగెనో ఓర్పుతో నిర్ణయించెను. ప్రిన్స్‌టన్ ఆచార్యుడు జాన్ మెరిల్ నాప్‌తో కలసి రచించిన మొదటి సంపుటము 1987లో వెలువడెను. నాప్ 1993లో మరణించెను. రెండవ సంపుటమును డీన్ ఒంటరిగా ముగించి 2006లో ప్రకటించునాటికి ఇతని వయస్సు తొంబదియేండ్లు.

అంతకు ముందటి యేడే, 2005లో, గ్లైండ్‌బోర్న్ ఉత్సవమున హెండెల్ సీజరు పాత్రను సారా కొన్నొలీ అను గాయని ధరించెను. తారస్థాయి తారస్థాయిగానే నిలిచెను. 2013లో కన్నుమూసిన డీన్‌కు ఇంతకు మించిన సన్మానమేమున్నది? పండితుడు వెదకిన ప్రతికి సార్థకత పుస్తకశాలలో కాదు, దీపములు వెలిగిన రంగస్థలముపైననే కలదు.