ఆదివారం నుంచి గురువారం దాకా... ఏం వేసుకోవాలి?

"అమ్మా, ఆఫీసుకి కూడా ఇదే డ్రెస్సు వేసుకుంటావా?"

పొద్దున్న ఆరుంబావుకి, స్కూలు బస్సు కోసం బిల్డింగ్ కింద నిలబడి ఉండగా మా అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది. రెండో తరగతి చదువుతోంది. వెక్కిరింత లేదు, తెలుసుకోవాలని అడిగింది, అంతే. నేను వేసుకున్నది ఎప్పుడో మెరూన్ రంగులో ఉండి, ఇప్పుడు ఏ రంగో చెప్పలేని చుడీదార్. చున్నీ ఇంకో సెట్‌ది. చంక దగ్గర కుట్టు విడిపోతే పిన్నీసు పెట్టుకున్నాను. బస్సు వెళ్ళిపోయింది గానీ ఆ ప్రశ్న నాతోపాటే లిఫ్టెక్కి ఇంట్లోకి వచ్చింది.

ఎందుకంటే ఏడేళ్ళ తర్వాత మళ్ళీ ఉద్యోగంలో చేరబోతున్నాను. మనామాలో ఒక ఆఫీసులో అకౌంట్స్ పని. చేరడానికి ఇంకా మూడు వారాలుంది. మావారి కంపెనీలో ఏడాదిగా ఓవర్‌టైమ్ లేదు, అలవెన్సులు తగ్గాయి. ఊళ్ళో ఇంటి లోను వాయిదా మాత్రం తగ్గలేదు. కాబట్టి ఈ ఉద్యోగం సరదా కోసం కాదు. మొదటి జీతం వచ్చేదాకా నా బట్టలకని పక్కన పెట్టగలిగింది యాభై దినార్లు. దాన్ని రూపాయల్లోకి మారిస్తే బోలెడు కనిపిస్తుంది, దినారు రెండొందల రూపాయల పైమాటే కదా! కానీ ఇక్కడ ఖర్చు పెట్టేది దినార్లలో. మాల్‌లో రెండు జతలు, ఒక జత చెప్పులు కొనేసరికి యాభై అయిపోతుంది. పైగా వ్యాట్ ఒకటి. 2019లో 5 శాతంతో మొదలై, 2022 నుంచి 10 శాతం అయి కూర్చుంది.

నేను ముందు చేసింది తెలివితక్కువ పని. కంగారులో ఫోన్లోనే మూడు కుర్తీలు ఆర్డరు పెట్టాను. పద్నాలుగు దినార్లు. ఒకటి భుజాల దగ్గర పట్టలేదు. రెండోది పల్చగా ఉండి లోపలిదంతా కనిపించింది. మూడోది ఒక్క ఉతుక్కి మా అమ్మాయికి సరిపోయేలా అయింది. వెనక్కి పంపాలంటే సవాలక్ష నిబంధనలు. ఆ పద్నాలుగూ మావారికి తెలియకుండా కూరగాయల లెక్కలో కలిపేశాను. ఈ పత్రిక ఆయన కూడా చదువుతారు కాబట్టి ఇక్కడే ఒప్పేసుకుంటున్నాను.

ఆ శుక్రవారం తండ్రీ కూతుళ్ళని పార్కుకి పంపి, బీరువాలోవన్నీ మంచం మీద గుమ్మరించాను. అక్షరాలా తొంభై ఆరు! ఇంత ఆస్తి పెట్టుకుని పిన్నీసు చుడీదార్‌లో తిరుగుతున్నానా అనిపించింది. కూర్చుని లెక్క వేశాను. పట్టుచీరలు, ఫ్యాన్సీ చీరలు, పెళ్ళిళ్ళకీ గృహప్రవేశాలకీ ఎదుటివాళ్ళు పెట్టిన పెట్టుబడి చీరలు అన్నీ కలిపి ముప్ఫై ఎనిమిది. పిల్ల పుట్టక ముందువి, ఎప్పటికైనా సన్నబడతానన్న ఆశతో దాచుకున్నవి ఇరవై తొమ్మిది. నైటీలూ, ఇంట్లో తిరిగేవీ పదిహేడు. మిగిలినవి పన్నెండు. ఆ పన్నెండింటిలో కొద్దిగా బాగుచేయిస్తే ఆఫీసుకి పనికొచ్చేవి నాలుగంటే నాలుగే.

మీ బీరువా కూడా ఇంచుమించు ఇలాగే ఉంటుందని పందెం కాస్తాను. మనం ఇండియా వెళ్ళేది ఏడాదికో, రెండేళ్ళకో ఒకసారి. వెళ్ళినప్పుడు ఎవరిదో పెళ్ళి, ఇంకెవరిదో వ్రతం. కొనేదంతా ఆ పదిహేను రోజుల కోసం. తిరుగు ప్రయాణంలో సూట్‌కేసులో ఉండేవి పచ్చళ్ళూ, కారప్పొడీ, పిల్లల బట్టలు. మామూలు ఆదివారం నాడు వేసుకోవడానికి బట్టలు కొనాలని మాత్రం ఎవరికీ తోచదు. (ఇండియాలో చదివేవాళ్ళకి ఒక మాట: ఇక్కడ ఆదివారం పనిరోజు. 2006లో వారాంతపు సెలవులు గురు, శుక్రవారాల నుంచి శుక్ర, శనివారాలకి మారాయి. మా వారం ఆదివారంతో మొదలై గురువారంతో ముగుస్తుంది.)

ఇక్కడ మా బిల్డింగ్‌లోనే పనిచేసే ఒకామె గురించి చెప్పాలి. రాయచోటి వైపు నుంచి వచ్చింది. మూడో అంతస్తులో ఒకరింట్లో పని. కింది కోల్డ్ స్టోర్ దగ్గర కనిపించినప్పుడల్లా రెండు మాటలు మాట్లాడుకుంటాం. ఎప్పుడు చూసినా ఉతికిన బట్టలు, సరిగ్గా పెట్టిన చున్నీ. నాకు బిగుతైపోయినవి ఇస్తానని పిలిచాను. వచ్చి ఒక్కొక్కటీ తిరగేసి చూసింది. కుట్లు లాగి చూసింది, జిప్పులు వేసి తీసింది. రెండే పక్కన పెట్టుకుంది.

"మిగతావి కూడా తీసుకో" అన్నాను.

"వద్దక్కా. నాకుండేది నాలుగు జతలే. రెండు ఒంటి మీదికి, రెండు ఉతుక్కి. ఇవి రెండూ ఊరికి పోయేటప్పుడు కట్టుకుంటా. జిప్పు పోయినవి తీస్కపోయి నేనేం జేసుకునేది?"

సిగ్గుతో చచ్చిపోయాను. జిప్పు పోయినవి కూడా కుప్పలో వేసి "దానం" చేయబోయింది నేనే మరి. ఆమె నాలుగు జతలతో గడుపుతున్నది పొదుపు పాఠం చెప్పడానికి కాదు. జీతంలో ముప్పాతిక ఇంటికి పంపేస్తుంది, అందుకు. దాన్ని ఆదర్శం అని పొగిడితే అన్యాయం. కానీ ఆ "రెండు ఒంటి మీదికి, రెండు ఉతుక్కి" అన్న లెక్క మాత్రం నా బుర్రలోకి వెళ్ళింది. ఎన్ని ఉన్నాయని కాదు, ఉతికి ఆరి ఇస్త్రీ అయ్యేలోపు ఎన్ని కావాలి అన్నదే చూడాలి. మా ఇంట్లో వాషింగ్ మెషీన్ మంగళవారం రాత్రి ఒకసారి, శుక్రవారం ఒకసారి తిరుగుతుంది. ఆఫీసు ఐదు రోజులు. పైకి వేసుకునేవి ఎనిమిది, కిందికి మూడు ఉంటే చాలు. చేతిలో ఉన్న నాలుగూ పోను, కొత్తగా కావలసినవి నాలుగు.

చీర కట్టొచ్చు కదా అంటారేమో. బహ్రెయిన్‌లో చీరకి ఏ అడ్డూ లేదు, ఎంతోమంది టీచరమ్మలు రోజూ కడుతున్నారు, వాళ్ళకి నా దండం. నాకు మాత్రం ఐదున్నరకి లేచి, రెండు క్యారియర్లు సర్ది, పిల్లకి జడలు వేసి, బస్సెక్కించాక మిగిలేది పన్నెండు నిమిషాలు. అందులో కుచ్చిళ్ళు కుదరవు.

ఇక బట్ట సంగతి. ఇక్కడి ఎండాకాలం గురించి మీకు నేను చెప్పాలా! జులై, ఆగస్టుల్లో నలభై దాటే వేడి, దానికి తోడు సముద్రపు ఉక్క. కారు దిగి ఆఫీసు గుమ్మం దాకా నడిచేలోపు ఒళ్ళు తడిసిపోతుంది. లోపలికి వెళ్తే ఏసీకి పళ్ళు టకటకలాడతాయి. జార్జెట్, పాలియెస్టర్ బయట అతుక్కుపోతాయి, లోపల వణికిస్తాయి. అందుకే నూలు బట్ట, కుర్చీకి ఎప్పుడూ తగిలించి ఉంచే ఒక పల్చటి స్వెటరు. నా అనుభవంలో ఈ ఊరికి ఇంతకు మించిన ఫ్యాషన్ లేదు.

నూలు బట్ట కోసం ఎక్కడికో వెళ్ళక్కర్లేకపోయింది. మాది తెనాలి. అక్కడికి దగ్గర్లోనే ఉన్న మంగళగిరిలో మగ్గం నేత డ్రెస్ మెటీరియల్, సన్నటి నిజాం బోర్డరుది, రెండు కుర్తీలకి ఐదు మీటర్లు చెల్లి కొని ఉంచింది. పన్నెండొందల రూపాయలు, అంటే ఐదున్నర దినార్లు. సెలవు నుంచి తిరిగొస్తున్న తెలిసినవాళ్ళు సామాన్లలో పెట్టుకొచ్చారు. మిగతా రెండు కుర్తీలకి నా కన్ను అమ్మ ఇచ్చిన వెంకటగిరి నూలు చీర మీద పడింది. లేత ఆకుపచ్చ, జరీ అంచు. ఇచ్చి నాలుగేళ్ళయింది, నేను కట్టింది ఒక్కసారి. చీర ఐదున్నర మీటర్లు, కుర్తీకి రెండున్నర. లెక్క అతికినట్టు సరిపోయింది.

అమ్మకి వీడియో కాల్‌లో చెప్పాను.

"బంగారం లాంటి చీర మీద కత్తెర వేయిస్తావుటే?"

ఆవిడ బాధ నాకు అర్థమవుతుంది. మనిళ్ళల్లో చీర అంత తేలిగ్గా చావదు. మెత్తబడితే పిల్లలకి ఉయ్యాల, ఆ తర్వాత బొంత, ఆఖరికి పాతబట్టలకి స్టీలు గిన్నెలిచ్చే మనిషి బుట్టలోకి. కత్తెర అనేది ఆ వరసలో ఎక్కడా లేదు. "నాలుగేళ్ళు బీరువాలో పెట్టి నాఫ్తలీన్ ఉండలు తినిపించాను కదమ్మా" అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అంచు పారేయకు, మెడకీ చేతులకీ వేయించు. నేత చీర కదా, ముందు ఒక రాత్రంతా నీళ్ళలో నానబెట్టి ఆరేశాకే కుట్టడానికియ్యి, లేకపోతే కుట్టాక కుదించుకుపోతుంది" అంది. ఆన్‌లైన్ కుర్తీ గుర్తొచ్చి నోరు మూసుకున్నాను.

మనామా సూక్‌కి వెళ్ళడం నాకు ఎప్పుడూ ఇష్టమే. 1949లో కట్టిన బాబ్ అల్ బహ్రెయిన్ దాటి లోపలికి నడిస్తే ఒక సందులో అత్తరు, ఒక సందులో బంగారం, ఇంకో సందులో తానుల కొద్దీ బట్ట. సింధ్‌లోని థట్టా నుంచి వచ్చి స్థిరపడ్డ భాటియా వర్తకుల కాలం నుంచీ ఇక్కడ మనవాళ్ళ అడుగులు ఉన్నాయి. శ్రీనాథ్‌జీ గుడికే 200 ఏళ్ళ చరిత్ర. ఒక కొట్లో కలంకారీ అచ్చు బట్ట చూసి, మన బందరు ఇక్కడికెలా వచ్చిందబ్బా అనుకున్నాను. నిజానికి ఆశ్చర్యపోవాల్సిందేమీ లేదు. పదిహేడో శతాబ్దంలోనే మచిలీపట్నం రేవు నుంచి అద్దకం బట్టలు ఓడల్లో పర్షియా తీరానికి వెళ్ళేవి. కలంకారీ అన్న మాటే పారసీ నుంచి వచ్చింది. నేను మాత్రం ఆ బట్ట ముట్టుకుని ముందుకి నడిచాను. యాభైలో దానికి చోటు లేదు.

మా టైలరు కొట్టు మెట్ల కింద ఉంటుంది. ఇద్దరు నిలబడితే మూడో మనిషికి చోటుండదు. బట్ట చూసి తల అడ్డంగా ఊపాడు. రంజాన్ మొదలైంది కదా, ఈద్ బట్టలు గుట్టలుగా ఉన్నాయి. "ఈద్ కే బాద్, బాజీ." ఇది నేను ముందే గ్రహించాల్సింది. రంజాన్ ఏటా దాదాపు పదకొండు రోజులు ముందుకి జరుగుతుంది. ఆ తేదీ చూసుకుని నెల ముందే కుట్టడానికి ఇచ్చేయాలి. బతిమాలితే రెండు కుర్తీలు ముందు ఇస్తానన్నాడు, రెండు ఈద్ తర్వాత. కుట్టుకూలి ఒక్కోదానికి మూడున్నర. కొలతలు తీయనివ్వకుండా, నాకు సరిగ్గా పట్టే పాత కుర్తీ ఒకటి ఆదిగా ఇచ్చాను. జాకెట్టుకి ఆది ఇచ్చే అలవాటు మనకి ఎలాగూ ఉంది, కుర్తీకి మాత్రం ఎందుకో మర్చిపోతాం. రెండు పక్కలా లోపల అంగుళం బట్ట వదలమని రెండుసార్లు చెప్పాను. ఒళ్ళు రేపు ఎటు పోతుందో ఎవరికి తెలుసు!

పాత నాలుగింటికీ కుట్లు విప్పి సరిచేసినందుకు మొత్తం రెండు దినార్లు. కిందికి నలుపు, క్రీము, నేవీ బ్లూ ప్యాంట్లు మూడు, ఒక్కోటి నాలుగున్నర. పైవి ఎనిమిదీ ఈ మూడింటిలో కనీసం రెండింటికి నప్పాలని పట్టుబట్టాను. ఇది కొంచెం విసుగు పని, కానీ పొద్దున్నపూట ఆలోచించే బాధ పోయింది. స్వెటరు సేల్‌లో నాలుగు. చెప్పుల దగ్గర మాత్రం పిసినారితనం చూపించలేదు, తొమ్మిది దినార్లు పెట్టాను. రోజంతా తిరగాల్సింది వాటి మీదే మరి. కుట్టుకూలి పద్నాలుగూ, మంగళగిరి బట్టా కలుపుకుంటే మొత్తం నలభై ఎనిమిది. మిగిలిన రెండుతో మా అమ్మాయికి ఐస్‌క్రీము.

మొదటి ఆదివారం మంగళగిరి కుర్తీ వేసుకుని కిందికి దిగాను. మా అమ్మాయి పైనుంచి కిందికి చూసి, "బాగుంది, కానీ బొట్టు పెట్టుకోలేదు" అంది. బస్సు వచ్చేసింది. ఆఫీసులో ఎవరూ నా బట్టల గురించి ఏమీ అనలేదు. నాకు కావలసిందీ అదే. ఏడేళ్ళలో మారిపోయిన సాఫ్ట్‌వేరుతో కుస్తీ పట్టడానికే ఆ రోజు సరిపోయింది, చున్నీ సర్దుకుంటూ కూర్చునే తీరిక లేదు.

అమ్మ చీర కుర్తీలు రెండూ ఈద్ వెళ్ళిన వారానికి వచ్చాయి. అంచు మెడకి చక్కగా కుదిరింది. ఫొటో పంపితే అమ్మ చాలాసేపటికి జవాబిచ్చింది: "కుట్టు బాగుంది. గోధుమ రంగుది ఇంకోటుంది, ఎవరైనా వస్తుంటే చెప్పు." ఒకదానికి చేతులు కొంచెం బిగుతయ్యాయి. లోపల బట్ట వదిలాడు కాబట్టి ఇబ్బంది లేదు, ఈ శుక్రవారం మళ్ళీ సూక్‌కి వెళ్ళాలి. మూడో అంతస్తు ఆమె కూడా వస్తానంది. వచ్చే నెల ఊరికి వెళ్తోందిట, తొమ్మిదో తరగతి చదివే కూతురికి పట్టు పరికిణీ బట్ట కావాలిట. తనకి ఏమీ వద్దుట.