కారొక్కటి... డ్రైవర్లు ఇద్దరు!

ఈత రానివాళ్లు చెరువులో దిగకుండా జాగ్రత్తపడతారు. మరి డ్రైవింగు రానివాళ్లు? దర్జాగా కారెక్కి కునుకు తీస్తారు... స్టీరింగు ముందున్న ఆ ఒక్కరూ మెలకువగా ఉంటారన్న ధీమాతో! ఆ ధీమా ఎప్పుడూ నిలబడుతుందా? అసలు పెద్దవాళ్లంతా కారు నడపడం నేర్చుకోవాల్సిందేనా?

సంక్రాంతి సెలవులిచ్చారు. హైదరాబాద్‌లో ఆఫీసు ముగించుకుని ఇంటాయన సాయంత్రం ఏడింటికి ఇల్లు చేరాడు. అప్పటికే బ్యాగులన్నీ సర్దేశారు. రాత్రి తొమ్మిదింటికల్లా కారు శ్రీకాకుళం దారి పట్టింది. ఏడొందల కిలోమీటర్లకు పైమాటే. పంతంగి టోల్‌ప్లాజా దగ్గర బారులు తీరిన వాహనాలను దాటుకుని, సూర్యాపేటలో టీ తాగి, విజయవాడ దాటేసరికి తెల్లవారుజాము మూడు గంటలు. ఏలూరు దాటాక పక్కసీట్లోని ఇల్లాలు నెమ్మదిగా అడిగింది.

'ఏమండీ, నిద్రొస్తోందా?'

'అబ్బే, లేదు లేదు!'

వస్తోందని చెబితే మాత్రం ఏం లాభం? ఆవిడకు స్టీరింగు పట్టడం రాదు. వెనక గుర్రు పెడుతున్న బావమరిదికీ రాదు. డిగ్రీ చదివే కొడుక్కీ రాదు. నలుగురు పెద్దవాళ్లున్న కారులో డ్రైవరు ఒక్కడే. ఆ ఒక్కడూ పొద్దుట్నుంచీ ఆఫీసులో పనిచేసి వచ్చినవాడే!

పండగ సెలవుల్లో మన రహదారుల మీద కనిపించే కార్లలో చాలావాటి కథ ఇదే. కారుకు స్టెప్నీ లేకుండా ఊరు దాటం. డ్రైవరుకు మాత్రం స్టెప్నీ ఉండదు!

జీతగాడికి ఉంది... ఇంటాయనకు లేదు

లారీలు, బస్సులు నడిపే కార్మికుల కోసం మనదేశంలో 1961లోనే ఓ చట్టం చేశారు. మామూలుగా రోజుకు ఎనిమిది గంటలకు మించి వాళ్లతో పనిచేయించకూడదని అది చెప్పింది. ఏకబిగిన ఐదు గంటలు దాటకుండా కనీసం అరగంట విశ్రాంతి ఇవ్వాలంది. అది ఎంతవరకు అమలైందన్నది వేరే సంగతి. కనీసం కాగితం మీదైనా ఉంది. సొంత కారు నడిపే ఇంటాయనకు ఆ కాగితం కూడా లేదు. పగలంతా పని, రాత్రంతా డ్రైవింగు. పైగా 'ఎక్కడా ఆగకుండా పన్నెండు గంటల్లో వచ్చేశాం' అని ఊళ్లో గొప్పగా చెప్పుకోవడం!

మన శరీరంలో ఒక గడియారం ఉంటుంది. తెల్లవారుజామున రెండింటి నుంచి ఆరింటి వరకూ అది 'పడుకో పడుకో' అంటూనే ఉంటుంది. టీ తాగినా, పాటలు పెట్టినా, అద్దం దించి మొహానికి గాలి తగలనిచ్చినా ఆ పిలుపును కాసేపు వాయిదా వేయగలమే తప్ప తప్పించుకోలేం. గంటకు వంద కిలోమీటర్ల వేగంతో వెళ్తున్నప్పుడు మూడంటే మూడు సెకన్లు రెప్ప వాలిందనుకోండి... కారు ఎనభై మీటర్లకు పైగా దూరాన్ని కళ్లు మూసుకునే దాటేస్తుంది. ఆ ఎనభై మీటర్లలో ఆగి ఉన్న లారీ ఉండొచ్చు. రోడ్డు దాటుతున్న మనిషి ఉండొచ్చు.

2022లో మనదేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అంటే రోజుకు 460 మందికి పైనే. అన్నింటికీ నిద్రే కారణం కాదు. కానీ నిద్రవల్ల జరిగేవాటిని ఆపడానికి చాలా తేలికైన మార్గాలు రెండున్నాయి. ఒకటి, కారు ఆపి పడుకోవడం. రెండు, స్టీరింగు ఇంకొకరికి ఇవ్వడం. రెండోదానికి ఆ 'ఇంకొకరు' ఉండాలి కదా!

డ్రైవరే మంచాన పడితే?

దూర ప్రయాణాల మాట అలా ఉంచుదాం. ఇంట్లో కారు నడిపే ఒక్కరికీ కాలు విరిగిందనుకుందాం. లేదా కంటికి శుక్లాల ఆపరేషన్ అయింది. డాక్టర్ సరేననేదాకా స్టీరింగు ముట్టుకోకూడదు. ఆస్పత్రికి తీసుకెళ్లాల్సిందీ, తీసుకురావాల్సిందీ ఆయన్నే. కారు ఇంటిముందే ఉంటుంది. తాళం గోడకే వేలాడుతుంటుంది. అయినా ఇంటిల్లిపాదీ ఆటో కోసం వీధి చివర నిలబడాల్సిందే.

ఉద్యోగరీత్యా ఆయన వేరే ఊళ్లో ఉంటున్నా అంతే. కవరు కప్పిన కారు నెలల తరబడి కదలదు. చివరికి బ్యాటరీ కూడా చేతులెత్తేస్తుంది.

ఇక్కడో మాట చెప్పుకోవాలి. ఛాతీలో నొప్పి, పక్షవాతం లక్షణాలు, తీవ్ర గాయాలు... ఇలాంటివాటికి ముందు గుర్తుకు రావాల్సింది సొంత కారు కాదు, 108 అంబులెన్సే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005 ఆగస్టు 15న మొదలైన ఆ సేవలో దారిలోనే ప్రాథమిక చికిత్స చేసే సిబ్బంది ఉంటారు. నొప్పి వచ్చిన మనిషే కారు నడుపుకుంటూ ఆస్పత్రికి వెళ్లడమైతే ఎంతమాత్రం మంచిది కాదు. ఇంకో డ్రైవరు లేని ఇళ్లలో చాలామంది చేసే సాహసం సరిగ్గా అదే!

కనిపెట్టింది ఆయన... నడిపింది ఆవిడ!

'కారు తోలడం మగవాళ్ల పని' అనేవారికి ఓ పాత ముచ్చట. ప్రపంచంలోనే తొలి దూరప్రయాణం కారులో చేసింది దాన్ని కనిపెట్టిన కార్ల్ బెంజ్ కాదు, ఆయన భార్య బెర్తా. 1888 ఆగస్టులో భర్తకు చెప్పకుండా ఇద్దరు కొడుకుల్నీ ఎక్కించుకుని జర్మనీలోని మాన్‌హైమ్ నుంచి ఫోర్‌జైమ్‌లోని పుట్టింటికి బయల్దేరిందావిడ. దూరం వంద కిలోమీటర్ల పైనే. పెట్రోలు బంకులు లేని రోజులు. దారిలో ఓ మందుల షాపులో ఇంధనం కొంది. గొట్టంలో చెత్త అడ్డుపడితే టోపీకి పెట్టుకునే పిన్నుతో శుభ్రం చేసింది. బ్రేకులు అరిగిపోతే చెప్పులు కుట్టేవాళ్లతో తోలు వేయించింది. ఆవిడ అలా వెళ్లొచ్చాకే ఆ బండి మీద జనానికి నమ్మకం కుదిరింది.

అయినా ఆడవాళ్ల చేతికి తాళాలు అందడానికి కొన్నిచోట్ల చాలాకాలమే పట్టింది. సౌదీ అరేబియాలో మహిళలు కారు నడపడానికి అనుమతి దొరికింది 2018 జూన్ 24 నుంచే. మన దగ్గర అలాంటి నిషేధమేమీ ఎప్పుడూ లేదు. ఉన్నదల్లా 'మా ఆయనున్నాడుగా' అన్న మాటే!

నిజానికి స్కూటీ నడిపే అమ్మాయిలకు సగం విద్య వచ్చేసినట్టే. ట్రాఫిక్ ఎటునుంచి ఎలా వస్తుందో, ఎవరు ఎప్పుడు అడ్డం పడతారో వాళ్లకు తెలుసు. కొత్తగా నేర్చుకోవాల్సింది క్లచ్చు, గేర్లు, కారు వెడల్పు అంచనా. గేర్ల బెంగ ఉన్నవాళ్లకు ఇప్పుడు ఆటోమేటిక్ కార్లూ ఉన్నాయి.

అమెరికా వెళ్లాక తెలుస్తుంది

చదువుకో ఉద్యోగానికో అమెరికా వెళ్లిన మన పిల్లలకు మొదట ఎదురయ్యే ఇబ్బందుల్లో ఇదీ ఒకటి. పెద్ద నగరాలు కొన్ని మినహాయిస్తే అక్కడ పాల ప్యాకెట్టుకైనా కారు తీయాల్సిందే. పెళ్లయి వెళ్లిన అమ్మాయికి డ్రైవింగు రాకపోతే భర్త ఆఫీసు నుంచి వచ్చేదాకా ఇల్లే లోకం. మన దగ్గర లైసెన్సు ఉన్నవాళ్లు రవాణా శాఖ నుంచి ఏడాది చెల్లుబాటయ్యే అంతర్జాతీయ పర్మిట్ తీసుకోవచ్చు. అయితే అక్కడ ఒక్కో రాష్ట్రానిదీ ఒక్కో నిబంధన. కాబట్టి వెళ్లేముందే తెలుసుకోవడం మంచిది. కుడిపక్క నడపడం ఎలాగూ కొత్తే. స్టీరింగు పట్టుకోవడం కూడా అక్కడే మొదలుపెట్టడమంటే రెండు కొత్తలు ఒకేసారి!

భర్త దగ్గర నేర్చుకుంటే...

'క్లచ్ వదులు... మెల్లగా అన్నానా!' 'అరవకండి, నాకు భయమేస్తోంది.' మైదానంలో ఆదివారం ఉదయం మొదలైన పాఠం పావుగంటలో పోట్లాటగా మారి, తాళం ఆయన చేతికీ మౌనవ్రతం ఆవిడ మూతికీ చేరడం చాలా ఇళ్లలో జరిగేదే. నేర్పడం వేరు, నడపడం వేరు. అందుకే డ్రైవింగు స్కూలే మేలు. వాళ్ల కార్లలో నేర్పేవారి కాళ్ల దగ్గర కూడా బ్రేకు, క్లచ్ ఉంటాయి. మన పొరపాటు ప్రమాదంగా మారకముందే వాళ్లు ఆపగలరు.

లాంఛనాలు కూడా కష్టమేం కాదు. 18 ఏళ్లు నిండితే ఎల్‌ఎల్‌ఆర్‌కు దరఖాస్తు చేయొచ్చు. నలభై దాటినవారు డాక్టర్ సర్టిఫికెట్టు కూడా ఇవ్వాలి. ఎల్‌ఎల్‌ఆర్ ఆరు నెలలు చెల్లుతుంది. అది వచ్చిన 30 రోజుల తర్వాత అసలు లైసెన్సు పరీక్షకు వెళ్లొచ్చు. ఈలోగా కారుకు 'ఎల్' బోర్డు, పక్కన లైసెన్సున్న మనిషి తప్పనిసరి.

డ్రైవింగు స్కూళ్లు కారు శిక్షణ కనీసం 21 రోజులు ఇవ్వాలనీ, అందులో చేతికి స్టీరింగిచ్చి నడిపించేది పది గంటలకు తగ్గకూడదనీ నిబంధన. 2021లో వచ్చిన గుర్తింపు శిక్షణ కేంద్రాల నియమాలైతే కారుకు 29 గంటలు ఉండాలన్నాయి. ఎనిమిది గంటలు పాఠాలు, 21 గంటలు ప్రాక్టికల్స్. కాబట్టి 'వారంలో నేర్పేస్తాం, లైసెన్సు మేమే ఇప్పిస్తాం' అనేవాళ్లకు ఓ దండం పెట్టి ముందుకెళ్లడం మంచిది.

చాలామంది తడబడేది లైసెన్సు వచ్చాకే. కార్డు పర్సులో, భయం గుండెలో! ఆరు నెలలు కారు ముట్టుకోకపోతే నేర్చుకున్నదంతా మళ్లీ మొదటికొస్తుంది. వారానికోసారైనా... ఆదివారం తెల్లారి రైతుబజారుకో గుడికో తీసుకెళ్తే చెయ్యి తిరుగుతుంది. ఆ తర్వాత రాత్రిపూట, ఆ తర్వాత వానలో, చివర్లో హైవే మీద. అంతేగానీ మొదటి పరీక్షే అర్ధరాత్రి అవసరానికి పెట్టుకోకూడదు.

అందరూ తప్పనిసరా?

కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మనదేశంలో కారున్న ఇళ్లు నూటికి ఎనిమిదే. మిగతా ఇళ్లవాళ్లను 'నేర్చుకు తీరాల్సిందే' అనడంలో అర్థం లేదు. బస్సూ, మెట్రో, క్యాబూ చక్కగా దొరికేచోట సొంతంగా నడపాల్సిన పనీ తక్కువే. అమెరికాలోనే 1983లో పదహారేళ్ల పిల్లల్లో నూటికి 46 మందికి లైసెన్సు ఉండేది. 2014 నాటికి అది పాతికలోపుకు పడిపోయింది.

చూపు తగినంత లేనివాళ్లు, మూర్ఛ వచ్చేవాళ్లు, మగత తెప్పించే మందులు వాడుతున్నవాళ్లు నడపకపోవడమే వాళ్లకీ ఎదుటివాళ్లకీ మంచిది. భయం తగ్గనే తగ్గని మనిషిని బలవంతంగా స్టీరింగు ముందు కూర్చోబెట్టడమూ సరికాదు. 'అందరూ' అంటే పెద్దవాళ్లే, పిల్లలు కాదు. మైనరు బండితో ప్రమాదం చేస్తే తల్లిదండ్రులకు లేదా బండి యజమానికి మూడేళ్ల వరకూ జైలు, 25 వేల రూపాయల జరిమానా అంటోంది 2019లో సవరించిన చట్టం.

మరోపక్క, రోజూ నడపకపోయినా నేర్చుకున్న విద్య వృథా పోదు. 2022లో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవారిలో నూటికి 44 మంది ద్విచక్రవాహనాలపై వెళ్తున్నవారు, 19 మంది పాదచారులు. స్టీరింగు ముందు ఒక్కసారి కూర్చుంటే చాలు... అద్దంలో కనిపించని మూలలు ఎక్కడుంటాయో, రాత్రిపూట నల్లబట్టలేసుకున్న మనిషి ఎంత ఆలస్యంగా కనిపిస్తాడో, బ్రేకు తొక్కాక కూడా కారు ఎంతదూరం పోతుందో తెలుస్తుంది. ఆ తర్వాత లారీ పక్కనుంచి స్కూటరును దూర్చాలంటే మనసొప్పదు.

కాబట్టి, అందరూ నడపక్కర్లేదు. నడపగలిగినవాళ్లు నేర్చుకుంటే మంచిది. కారున్న ఇంట్లో మాత్రం కనీసం ఇద్దరికి వచ్చి ఉండాలి. దానికి రెండో కారు అక్కర్లేదు, రెండో లైసెన్సు చాలు. నేర్చుకోవడమంటే ఎప్పుడు నడపాలో తెలుసుకోవడమే కాదు, ఎప్పుడు తాళం ఇంకొకరికి ఇచ్చేయాలో తెలుసుకోవడం కూడా.

వచ్చే సంక్రాంతికి ఇంకా టైముంది. ఎల్‌ఎల్‌ఆర్‌కూ, నెలరోజుల శిక్షణకూ, ఓ పది ఆదివారాల సాధనకూ అది సరిపోతుంది. అప్పుడు ఏలూరు దాటాక మాటలు కాస్త మారతాయి.

'ఏమండీ, నిద్రొస్తోందా?'

'వస్తోంది. కాసేపు నువ్వు పట్టు!'