తపాలా ముద్రలో రాజమహల్



కవరు మీద పోస్టాఫీసు వారు కొట్టే నల్లటి ముద్రను మనం పెద్దగా పట్టించుకోము. దానికి రెండు పనులున్నాయి. అంటించిన స్టాంపును మళ్లీ వాడకుండా చేయడం ఒకటి, ఉత్తరం ఏ ఊళ్లో ఏ తేదీన పడిందో చెప్పడం రెండోది.

చరిత్ర గల కొన్ని ఊళ్లలో మన తపాలా శాఖ ఈ ముద్రకు మూడో పని కూడా ఇచ్చింది. ఊరి పేరు, తేదీతో పాటు అక్కడి గుడో, కోటో, రాజభవనమో అందులో బొమ్మగా ఉంటుంది. దీన్ని శాశ్వత చిత్ర ముద్ర అనవచ్చు. ఏ ఊరి బొమ్మ ఆ ఊరి పోస్టాఫీసులోనే దొరుకుతుంది. స్టాంపు అంటించి కౌంటరులో అడగాలి. జపాన్‌లో ఇలాంటి ముద్రలు 1931 నుంచి ఉన్నాయి.

అంత చిన్న బొమ్మ ఏం చెబుతుంది? తిరుపతి దగ్గరి చంద్రగిరి రాజమహల్‌నే తీసుకుందాం. 1565లో తళ్లికోట యుద్ధంలో ఓడాక విజయనగర రాజులు పెనుకొండకు, తరువాత చంద్రగిరికి రాజధాని మార్చుకున్నారు. ఈ మూడంతస్తుల మహల్‌ను కలప లేకుండా రాయి, ఇటుక, సున్నంతో కట్టారు. పక్కనే రాణీమహల్ ఉంది. రాజమహల్‌లో ఇప్పుడు పురావస్తు శాఖ మ్యూజియం నడుస్తోంది. ముద్రలో ఇమిడే నాలుగు గీతల వెనుక ఇంత కథ ఉంటుంది.

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేను. మా అమ్మానాన్నలకు అక్షరాలు రావు. ఫోనుకు వచ్చిన మెసేజి అయినా ఎవరో చదివి పెట్టాలి. బొమ్మకు ఆ అవసరం లేదు. కట్టడం వాళ్లే చూస్తారు, వాళ్లే అడుగుతారు: "ఇంత రాయి ఎవరు మోశార్రా?" రాజుల పేర్లు పుస్తకాల్లో ఉన్నాయి. రాళ్లు మోసినవాళ్ల, సున్నం నూరినవాళ్ల పేర్లు లేవు. పత్తి తీసే, మిరపకాయలు కోసే చేతులకు ఆ కష్టం మనం చెప్పనక్కరలేదు.

మన వైపు కొండవీడు కోటనూ ఇలాగే చూడాలి. రెడ్డిరాజులు ఏలిన ఆ కోటను 1515లో శ్రీకృష్ణదేవరాయలు గెలిచాడని పరీక్షల్లో రాస్తాం. గోడలు లేపినవాళ్ల గురించి ప్రశ్న రాదు. ఆ ప్రశ్న మనమే వేసుకోవాలి.

తమ్ముళ్లూ, ఈసారి విహారయాత్రకు వెళ్లినప్పుడు అక్కడి పోస్టాఫీసులో బొమ్మ ముద్ర ఉందేమో అడగండి. ఉంటే ఇంటికి ఒక కార్డు వేయండి. చదువు మనకొచ్చింది, చూసిన చరిత్రను ఇంటికి చేర్చే బాధ్యతా మనదే.