మౌనమూ ఒక మాటే: మోడెమ్, కంట్రోలర్ల సంభాషణ

రసాయన కర్మాగారాలలో పంపులను, వాల్వులను వేళకు నడిపించే చిన్న కంప్యూటరుకు ప్రోగ్రామబుల్ కంట్రోలర్ అని పేరు. టెలిఫోను ద్వారా దూరం నుంచి దానిని పలకరించాలంటే మోడెమ్ అవసరం. అయితే రెండింటినీ తీగతో కలిపినంత మాత్రాన సంభాషణ సాగదు.

1979లో మోడికాన్ సంస్థ వెలువరించిన మోడ్‌బస్ అనే సంకేత భాషనే చూద్దాం. అందులోని ఆర్.టి.యు. పద్ధతిలో సందేశం ముగిసిందని తెలిపే గుర్తు మౌనమే: మూడున్నర అక్షరాలు పంపేంత కాలం. సెకనుకు 9600 బిట్ల వేగంలో అది సుమారు 4 మిల్లీసెకన్లు. తప్పులు దిద్దే మోడెములు సందేశాన్ని ముక్కలుగా పంపుతాయి. ముక్కల నడుమ జాప్యమైతే, సందేశం అక్కడికే ముగిసిందని కంట్రోలర్ భావిస్తుంది. చివర ఉండవలసిన 16 బిట్ల తనిఖీ సంఖ్య సరిపడక, ఆ సందేశాన్ని తిరస్కరిస్తుంది. మోడెమ్‌లో తప్పులు దిద్దే ఏర్పాటును ఆపివేయడం ఒక ఉపాయం. ఆస్కీ పద్ధతిని ఎంచుకోవడం మరొకటి. ఇందులో సందేశానికి ఆద్యంతాల గుర్తులు వేరుగా ఉంటాయి. అక్షరాల నడుమ ఒక సెకను విరామమైనా చెల్లుతుంది. కాని ప్రతి బైటుకూ రెండు అక్షరాలు కావాలి గనుక వేగం దాదాపు సగానికి తగ్గుతుంది.

మూల మోడ్‌బస్‌లో సంకేతపదం లేదు. పిలిచినదెవరని కంట్రోలర్ అడగదు. కనుక ద్వారపాలన మోడెమ్ వద్దనే జరగాలి. ఫోను తెగినా కర్మాగారాన్ని కాపాడే వివేకం మాత్రం కంట్రోలర్‌లోనే ఉండాలి.