పటంలో లేని వాడ

నేటి యుగం కంప్యూటర్ యుగం అని అందరూ అంటారు. కానీ కంప్యూటర్ అంటే ఉద్యోగం కోసం నేర్చుకునే విద్య అని మాత్రమే మనలో చాలామంది అనుకుంటాం. ఒక పేదల వాడ తన ఉనికిని చాటుకోవడానికి, తన స్థలాలను తానే తీర్చిదిద్దుకోవడానికి అది ఎలా ఉపయోగపడిందో తెలుసుకుందాం.

ఆఫ్రికా ఖండంలోని కెన్యా దేశ రాజధాని నైరోబి. ఆ నగరంలో కిబేరా అనే పెద్ద మురికివాడ ఉంది. నూబియన్ భాషలో ఆ పేరుకు అడవి అని అర్థం. అక్కడ ఇళ్లు, బడులు, చర్చిలు, మసీదులు అన్నీ ఉన్నా, 2009 వరకు పటాల్లో ఆ చోటు దాదాపు ఖాళీగా ఉండేది. పటంలో లేని వాడకు కుళాయి కావాలని అడిగితే, ఎక్కడ వేయాలో చూపించడానికి ఆధారమేదీ?

2009లో 'మ్యాప్ కిబేరా' మొదలైంది. అక్కడి యువతీయువకులే జీపీఎస్ పరికరాలు పట్టుకొని సందుసందునా నడిచారు. ఈ పరికరం ఉపగ్రహాల సంకేతాలను బట్టి మనం నిలబడిన చోటు అక్షాంశ, రేఖాంశాలను చెబుతుంది. నీళ్ల కుళాయిలు, మరుగుదొడ్లు, ఆసుపత్రులు, బడులు గుర్తించి 'ఓపెన్ స్ట్రీట్ మ్యాప్'లో చేర్చారు. 2004లో మొదలైన ఈ పటంలో ఎవరైనా వివరాలు చేర్చవచ్చు, ఉచితంగా వాడుకోవచ్చు. తర్వాత 'వాయిస్ ఆఫ్ కిబేరా' పేరుతో వాడ వార్తలను, విశేషాలను వాళ్లే లోకానికి చెప్పుకున్నారు.

అదే నైరోబిలో ఐక్యరాజ్యసమితి ఆవాసాల సంస్థ కార్యాలయం ఉంది. ఆ సంస్థ 2012లో మైన్‌క్రాఫ్ట్ అనే కంప్యూటర్ ఆటతో 'బ్లాక్ బై బ్లాక్' కార్యక్రమం ప్రారంభించింది. ముందుగా నిజమైన స్థలాన్ని ఆటలో దిమ్మెలతో కడతారు. తర్వాత ఆ చోటి ప్రజలు చిన్న బృందాలుగా కూర్చొని దీపం ఎక్కడ, చెట్టు ఎక్కడ, బెంచీ ఎక్కడ అని పెట్టి చూస్తారు. ఇంజనీరు గీసిన ప్లాను చదవడం రాని వారికి కూడా ఇది అర్థమవుతుంది. కిబేరాలోని సిలాంగా ఆటస్థలాన్ని ఇలాగే ఆలోచించారు.

అయితే పటం గీసినంత మాత్రాన నీళ్లు రావు. డబ్బు కేటాయించవలసింది, పని చేయించవలసింది ప్రభుత్వమే. కానీ అడిగే చేతిలో ఆధారం ఉంటే, లేదని తోసిపుచ్చడం కష్టం.

మిత్రులారా! మన ఊరి పటాల్లో మెయిన్ రోడ్డు, పంచాయతీ ఆఫీసు కనిపిస్తాయి. మన వాడలోని బోరింగు, అంగన్‌వాడీ, పోచమ్మ గుడి, శ్మశానానికి వెళ్లే దారి చాలాసార్లు కనిపించవు. తెలుగు వికీపీడియా 2003 నుండి ఉంది. మన ఊరి వివరాలు, ఫొటోలు అందులో చేర్చవచ్చు. సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు ముందు కాగితం మీద వాడ పటం గీద్దాం. పెద్దలను అడిగి ప్రతి చోటుకూ పేరు రాద్దాం. ఇతరులు గీసే వరకు ఎదురుచూస్తే మన వాడ ఖాళీగానే మిగిలిపోతుంది.