బార్సెలోనా చూసివద్దాం రండి

పిల్లలూ, మధ్యధరా సముద్రం పేరు మీరు భూగోళ పాఠంలో చదివే ఉంటారు. ఉత్తరాన ఐరోపా, దక్షిణాన ఆఫ్రికా, తూర్పున ఆసియా. ఈ మూడు ఖండాల నడుమ ఆ సముద్రం ఉన్నది. దాని పడమటి భాగాన, స్పెయిన్ దేశపు ఈశాన్య మూల, బార్సెలోనా అనే మహానగరం ఉన్నది. కెటలోనియా అనే ప్రాంతానికి అది రాజధాని. ఊళ్ళో 16 లక్షలకు పైగా జనం ఉంటారు. వీధిలో నడుస్తూ ఉంటే కెటలాన్, స్పానిష్ అనే రెండు భాషలు చెవినపడతాయి.

అంత దూరాన ఉన్న ఊరితో మనకేమిటి సంబంధం అంటారేమో! అనంతపురం వాళ్ళను అడగండి, చెబుతారు. ఆ సీమ పల్లెల్లో బళ్ళు, ఆసుపత్రులు, ఇళ్ళు కట్టించటానికి నలభై ఏళ్ళు పాటుపడిన విన్సెంట్ ఫెర్రర్ 1920లో పుట్టింది బార్సెలోనాలోనే. 1969లో అనంతపురం వచ్చి, 2009లో అక్కడే కన్నుమూశాడు. అటువంటి మనిషి పుట్టిన ఊరు ఎలా ఉంటుందో చూసివద్దాం, రండి.

కొత్త ఊరు చూడాలంటే ముందు కొండ ఎక్కటం మంచిది. బార్సెలోనా వెనుక తిబిదాబో అనే కొండ ఉన్నది. దాని ఎత్తు 512 మీటర్లు. పైన నిలబడి చూస్తే ఎదురుగా నీలంగా సముద్రం కనిపిస్తుంది. కుడిచేతివైపు, రేవు పక్కనే, మోన్జుయిక్ అనే గుట్ట. మధ్యలో ఊరంతా చదరంగపు బల్ల పరచినట్టు గళ్ళుగళ్ళుగా ఉంటుంది.

ఒకప్పుడు ఈ ఊరు ఇలా ఉండేది కాదు. చుట్టూ కోటగోడ. లోపల ఇరుకు సందులు, గాలీ వెలుతురూ లేని కొంపలు. కలరా వచ్చిందంటే వందలకొద్దీ జనం పోయేవారు. చివరకు 1854లో గోడలు పడగొట్టటం మొదలుపెట్టారు. ఇల్డెఫోన్స్ సెర్దా అనే ఇంజనీరు గోడల అవతల కొత్త ఊరికి పటం గీశాడు. 1859లో ప్రభుత్వం దానిని ఆమోదించింది. పటంలో ఇళ్ళన్నీ చదరాలుగా ఉన్నాయి. ఒక్కొక్క చదరం 113 మీటర్ల పొడవు, అంతే వెడల్పు.

ఇందులో ఒక తమాషా ఉన్నది. సెర్దా ప్రతి చదరానికీ నాలుగు మూలలూ కోసివేశాడు. ఎందుకో చెప్పగలరా? మూల కోసివేస్తే మలుపు తిరిగే బండికి చోటు ఉంటుంది, అవతలి వీధిలో వచ్చే బండి కూడా ముందే కనబడుతుంది. అప్పటికి మోటారుకార్లు పుట్టనే లేదు! కాని రైలుబండిని చూసిన సెర్దా, ఏదో ఒకనాడు వీధుల్లో కూడా ఆవిరియంత్రాలు తిరుగుతాయని ఊహించాడు. ప్రతి చదరం మధ్యా తోట ఉండాలని కూడా ఆయన ఆశపడ్డాడు. అది మాత్రం సాగలేదు. స్థలాల ధరలు పెరిగేసరికి తోటలు ఉండవలసిన చోట్ల కూడా చాలావరకు కట్టడాలు లేచాయి.

కొండ దిగి ఊళ్ళోకి వస్తూ, వాలుమీద ఉన్న గువెల్ పార్కులో కాసేపు ఆగుదాం. దీనిని కట్టినవాడు ఆంతోని గౌడీ. ఆయన 1852లో ఒక కంచరి ఇంట పుట్టాడు. చిన్నతనంలో కీళ్ళనొప్పులవల్ల తోటిపిల్లలతో సమంగా పరుగెత్తలేకపోయేవాడు. చెట్టునూ పుట్టనూ గవ్వనూ చూస్తూ పొద్దుపుచ్చేవాడు. ఆ చూపు పెద్దయ్యాక కూడా పోలేదు.

పార్కులో పైన ఒక పెద్ద మైదానం ఉన్నది. దాని అంచున పాములాగా మెలికలు తిరిగిన పొడవాటి అరుగు. పగిలిన పింగాణీ పెంకులు, రంగురంగులవి, ఏరి అతికించి ఆ అరుగును తయారుచేశారు. మైదానం కింద 86 స్తంభాలు ఉన్నాయి. వాన కురిస్తే నీళ్ళు మైదానంలో ఇంకి, ఇసుక పొరల్లో వడకట్టుకుని, స్తంభాల లోపలి గొట్టాలగుండా దిగి కింది తొట్టిలో నిలవవుతాయి. తొట్టి నిండితే మిగిలిన నీరు మెట్లమీద ఉన్న రంగుల బల్లి నోటివెంట బయటికి వస్తుంది! చూసేవాళ్ళకు బల్లి బొమ్మ మాత్రమే కనబడుతుంది. దాని వెనుక వాననీటిని దాచుకునే ఏర్పాటు ఉన్నదని కొందరికే తెలుసు.

ఇప్పుడు సెర్దా గళ్ళలోకి వెళదాం. అందులో ఒక చదరమంతా ఆక్రమించుకుని సగ్రాదా ఫమీలియా అనే చర్చి ఉన్నది. ఆ మాటకు పవిత్ర కుటుంబం అని అర్థం. 1882 మార్చి 19వ తేదీన దానికి శంకుస్థాపన జరిగింది. మరుసటి ఏడు ఆ పని గౌడీ చేతికి వచ్చింది. అప్పటికి ఆయనకు 31 ఏళ్ళు.

లోపలికి వెళ్ళి తల ఎత్తి చూడండి. అడవిలో నిలబడినట్టే ఉంటుంది! స్తంభాలు పైకి పోయి, చెట్లలాగే కొమ్మలుగా చీలి కప్పును మోస్తున్నాయి. కప్పు బరువు కొమ్మల్లోకి, కొమ్మల్లోంచి బోదెలోకి, అక్కడినుంచి నేలలోకి దిగుతుంది. ఉదయం తూర్పు కిటికీల అద్దాలగుండా నీలం, ఆకుపచ్చ వెలుగు పడుతుంది. సాయంత్రం పడమటి అద్దాలు ఎరుపు, నారింజ రంగులు చల్లుతాయి.

ఇంత బరువు పడిపోకుండా ఎలా నిలబడింది? ఆ రహస్యం మీరే ఇంట్లో తెలుసుకోవచ్చు. ఒక సన్నని గొలుసు తీసుకోండి. అమ్మ మెడలోది వద్దు, తాళంచెవుల గొలుసు చాలు! రెండు కొసలూ రెండు చేతులతో పట్టుకుని వేలాడదీయండి. గొలుసు ఒక చక్కని వంపు తీరుతుంది. అందులో ప్రతి లంకే పక్క లంకెను లాగుతున్నది. లాగటం తప్ప గొలుసుకు మరేమీ చేతకాదు. ఇప్పుడు గొలుసు కింద ఒక అద్దం పడుకోబెట్టి చూడండి. అద్దంలో ఆ వంపే తలకిందులై కమానులాగా కనబడుతుంది.

ఆ కమానును రాళ్ళతో కట్టామనుకోండి. గొలుసులో లాగుడు ఎక్కడ ఉన్నదో, కమానులో అక్కడల్లా నొక్కుడు ఉంటుంది. రాళ్ళను లాగితే సులువుగా విడిపోతాయి. నొక్కితే మాత్రం ఎంతో బరువు మోస్తాయి. అందువల్ల అటువంటి కమాను గట్టిగా నిలుస్తుంది. ఈ సంగతి రాబర్ట్ హుక్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త 1675లోనే అచ్చువేశాడు. కాని ఇంకెవరూ తమదని చెప్పుకోకుండా, అక్షరాలన్నీ కలగాపులగం చేసి మరీ వేశాడు! ఆయన పోయిన తరువాతగాని ఆ చిక్కుముడి విడిపోయిన సంగతి లోకానికి తెలియలేదు.

గౌడీ ఈ సూత్రాన్ని చేతల్లో పెట్టాడు. బార్సెలోనాకు దగ్గరలో మిల్లు పనివాళ్ళ కోసం మరొక చర్చి కట్టవలసి వచ్చినప్పుడు, ఆయన పైకప్పు నుంచి దారాలు వేలాడదీసి, వాటికి సీసపు గుండ్లు నింపిన చిన్నచిన్న సంచులు తగిలించాడు. కట్టడంలో ఎక్కడ ఎంత బరువు పడుతుందో, ఆ పాళ్ళలోనే సంచుల బరువు ఉంచాడు. దారాలు వాటంతట అవే సరైన వంపులు తీరాయి. వాటిని ఫోటో తీయించి, ఫోటోను తలకిందులు చేసి చూస్తే కట్టవలసిన చర్చి కనబడింది! ఈ నమూనాకే పదేళ్ళు పట్టింది. పాపం, ఆ చర్చిలో అడుగుభాగం మాత్రమే పూర్తయింది. కాని అక్కడ నేర్చినది సగ్రాదా ఫమీలియాకు పనికివచ్చింది.

ఇంత పెద్ద పని తన జీవితకాలంలో పూర్తికాదని గౌడీకి తెలుసు. ఎప్పటికి ముగుస్తుందని ఎవరైనా అడిగితే, కట్టించేవాడికి తొందర లేదని దేవుణ్ణి ఉద్దేశించి నవ్వేవాడని చెప్పుకుంటారు. 1926 జూన్ 7వ తేదీన ఆయన వీధి దాటుతూ ఉండగా ట్రామ్ ఢీకొన్నది. మాసిన బట్టలు చూసి, దారిన పోయేవాళ్ళు ఎవరో బిచ్చగాడనుకున్నారు. మూడు రోజులకు ఆయన చనిపోయాడు. ఆ చర్చిలోనే, నేలమాళిగలో, ఆయన సమాధి ఉన్నది. అప్పటికి గోపురాలలో ఒక్కటే పూర్తి అయింది. కట్టవలసినవి మొత్తం 18!

అంతకంటే పెద్ద కష్టం తరువాత వచ్చింది. 1936లో స్పెయిన్‌లో అంతర్యుద్ధం మొదలైనప్పుడు అల్లరిమూక చర్చిలోకి చొరబడి, గౌడీ పనిచేసిన గదిని తగలబెట్టింది. పటాలు కాలిపోయాయి. సున్నపుపిండితో చేసిన నమూనాలు ముక్కలయ్యాయి. ఇక ఆ పని ఆగిపోయినట్టే అనిపించింది. కాని గౌడీ దగ్గర పనిచేసినవాళ్ళు ఆ ముక్కలను ఏరి, భద్రపరచి, ఒకదానితో ఒకటి అతికి, గురువుగారి ఆలోచన ఏమిటో మళ్ళీ పోల్చుకున్నారు. వాళ్ళ తరువాత వాళ్ళ శిష్యులు పని అందుకున్నారు. తరువాతి రోజుల్లో కంప్యూటర్లు, రాళ్ళు కోసే యంత్రాలు తోడయ్యాయి. ఖర్చంతా విరాళాలనుంచీ, చూడవచ్చేవాళ్ళు కొనే టిక్కెట్లనుంచీ వస్తుంది. 2010లో లోపలిభాగం ప్రార్థనలకు తెరిచారు. 2025 అక్టోబరులో నడిమి గోపురం 162 మీటర్లు దాటి, ప్రపంచంలో అన్ని చర్చిలకంటే ఎత్తైనది అయింది. గౌడీ అనుకున్న ప్రకారం దాని పూర్తి ఎత్తు 172.5 మీటర్లు. అంటే మూడు చార్మినార్లకంటే కూడా ఎక్కువ! ఇంకా పెంచకూడదా? పెంచకూడదన్నాడు. మోన్జుయిక్ గుట్ట దేవుడు చేసినది, మనిషి కట్టినది దానిని మించరాదని ఆయన పట్టుదల.

ఇప్పుడు ఒక చిక్కు ఉన్నది. చర్చి ముఖద్వారానికి పెద్ద మెట్లవరస రావాలి. అందుకు చోటు కావాలంటే వీధి అవతల ఉన్న ఇళ్ళు కొన్ని తీసివేయాలి. అక్కడ ఏళ్ళ తరబడి కాపురాలు ఉంటున్నవాళ్ళు మా ఇళ్ళు పడగొట్టవద్దంటున్నారు. గౌడీ తలపెట్టినది పూర్తికావాలా, ఆ సంసారాలు చెదరకుండా ఉండాలా? మీరే ఆ ఊరి పెద్దలైతే ఏమి చేస్తారు? ఇంట్లో నాన్నగారితో, అమ్మతో మాట్లాడి చూడండి.

ఎండ ఎక్కింది. ఇక సముద్రానికి పోదాం. మెత్తని బంగారు ఇసుకలో పిల్లలు గూళ్ళు కడుతూ ఉంటారు. ఈ తీరమంతా ప్రకృతి చేసినదే అనుకుంటారు చూసినవాళ్ళు. కాదు! 1980ల దాకా ఇందులో చాలాభాగం ఫ్యాక్టరీలు, గోదాములు, రైలుపట్టాలు. జనం సముద్రం దగ్గరికి పోవటమే కష్టంగా ఉండేది. 1992లో ఒలింపిక్ క్రీడలు ఆ ఊళ్ళో జరిగాయి. వాటికోసం పట్టాలు తొలగించి, అలలకు అడ్డంగా రాళ్ళకట్టలు వేసి, ఇసుక తెచ్చి పోసి, నాలుగు కిలోమీటర్లకు పైగా స్నానాల తీరం తయారుచేశారు.

సముద్రం ఊరుకుంటుందా? ఏటవాలుగా వచ్చే అలలు ఇసుకను తీరం వెంబడి నెట్టుకుంటూ పోతాయి. పోయిన ఇసుకకు బదులు కొత్త ఇసుక రావాలి. రేవుల గోడలు, కట్టలు దానికి అడ్డుపడతాయి. 2020 జనవరిలో గ్లోరియా అనే తుఫాను వచ్చి చాలా ఇసుకను ఊడ్చుకుపోయింది. కనుక గోపురాల దగ్గర లాగే ఇక్కడ కూడా మనుషులకు పని తెమలదు.

మీరు పెద్దవాళ్ళయ్యాక బార్సెలోనా వెళితే ఇవన్నీ కళ్ళారా చూడవచ్చు. ఈలోగా గొలుసు, అద్దం ప్రయోగం మరువకండి. గొలుసు మధ్యలో ఒక చిన్న తాళం తగిలించండి. వంపు మారుతుంది. నడిమిన అంత బరువు మోయవలసిన కమాను ఏ ఆకారంలో ఉండాలో అద్దంలో చూసి, కాగితంమీద గీసి, మీ మాస్టారికి చూపించండి.