పొద్దున్నే ఫుల్‌మీల్స్!

తాజా వార్తలు, వాతావరణం, డాక్టరు సలహా, నిన్నటి మ్యాచ్ స్కోరు, కొత్త సినిమా కబురు... అన్నీ కలిపి వడ్డించే ఉదయపు టీవీ షోకి డెబ్భై ఏళ్లు దాటాయి. ఇంతకీ ఆ వంటకం ఎవరు కనిపెట్టారు? ఎలా వండుతారు? అది చూసేవాళ్లకి మేలు చేసిందా, కీడు చేసిందా?

ఉదయం ఏడు గంటలకు ఏ ఇంట్లోనూ ఎవరూ కుదురుగా కూర్చోరు. ఒకరు గడ్డం గీసుకుంటుంటారు. ఇంకొకరు టిఫిన్ డబ్బాలు సర్దుతుంటారు. పిల్లాడేమో రెండో సాక్సు కోసం మంచం కింద వెతుకుతుంటాడు. అలాంటి సమయంలో టీవీ ముందు కూర్చునే తీరిక ఎవరికుంటుంది? 1950ల మొదట్లో అమెరికాలోనూ చాలామంది ఇలాగే అనుకున్నారు. కూర్చుని చూడక్కర్లేదు, పని చేసుకుంటూ ఓ చెవి అటు పడేస్తే చాలు అనుకున్న మనిషి సిల్వెస్టర్ ప్యాట్ వీవర్. ఎన్‌బీసీ సంస్థలో టీవీ వ్యవహారాలు చూసే పెద్దాయన. 'ఏలియన్', 'అవతార్' సినిమాల్లో నటించిన సిగోర్నీ వీవర్ ఈయన కూతురే.

1952 జనవరి 14, సోమవారం. ఉదయం 7 గంటలకు 'టుడే' మొదలైంది. న్యూయార్కు 49వ వీధిలో, రోడ్డు మీదికి పెద్ద అద్దాలున్న ఓ హాలే స్టూడియో. గోడ మీద దేశదేశాల టైము చూపించే గడియారాలు. మధ్యలో కళ్లజోడు, బో టైతో యాంకర్ డేవ్ గారోవే. వార్తలు చదవడానికి జిమ్ ఫ్లెమింగ్, ఆటల కబుర్లకి జాక్ లెస్కూలీ. ఆఫీసులకెళ్లే జనం అద్దాల దగ్గర ఆగి లోపలికి తొంగి చూసేవారు. కెమెరా వాళ్లనీ చూపించేది. విమర్శకులు మాత్రం పెదవి విరిచారు. ప్రకటనలిచ్చే కంపెనీలూ వెనకాడాయి.

చింపాంజీ వచ్చాక...

షోని గట్టెక్కించింది ఎవరో పెద్ద నాయకుడో, సినిమా తారో కాదు. ఓ బుల్లి చింపాంజీ! పేరు జె.ఫ్రెడ్ మగ్స్. 1953లో అది గారోవే పక్కన కుర్చీ వేసుకుని కూర్చోవడం మొదలుపెట్టింది. దాన్ని చూడ్డానికి పిల్లలు టీవీ పెట్టేవారు. పిల్లలతోపాటు అమ్మానాన్నలు చూసేవారు. వాళ్ల వెనకే ప్రకటనలూ వచ్చాయి.

గొడవలూ వచ్చాయి. ఆ ఏడాది జూన్‌లో ఎలిజబెత్ రాణి పట్టాభిషేకం చూపించిన రోజున మగ్స్‌నీ తెర మీదికి తెచ్చారు. బ్రిటన్‌లో జనం మండిపడ్డారు. పార్లమెంటులో కూడా ఆ ప్రస్తావన వచ్చింది. వినోదం పక్కన ఉంటే వార్తా నలుగురికీ చేరుతుంది, కానీ రెండింటికీ మధ్య గీత ఎక్కడ గీయాలి? ఉదయపు టీవీని ఇప్పటికీ వదలని ఈ ప్రశ్న అలా రెండో ఏటే ఎదురైంది. మగ్స్ 1957 దాకా షోలో ఉంది.

గడియారం చెప్పినట్టు వంట

పైకి చూస్తే కలగాపులగంలా ఉంటుంది కానీ, ఈ షోలో ఏదీ ఊరికే రాదు. ఏ నిమిషానికి ఏది రావాలో చూసేవాళ్ల ఇంట్లో గడియారమే నిర్ణయిస్తుంది. ఏడు గంటలకు చూసేవాళ్లు కాసేపట్లో ఆఫీసుకి బయల్దేరాలి. అందుకే మొదటి అరగంట గట్టి వార్తలు, రాజకీయాలు, ఇంటర్వ్యూలు. ఎనిమిదయ్యేసరికి ఇంట్లో సందడి తగ్గుతుంది. అప్పుడు ఆరోగ్యం, పిల్లల పెంపకం, ఇంటి ఖర్చులు. ఆ తర్వాత వంటలు, సినిమా తారలు, పాటలు.

ఒక్కో అంశం కొన్ని నిమిషాలే. ఎందుకంటే స్నానానికి వెళ్లిన మనిషి తిరిగొచ్చేసరికి కొత్త అంశం మొదలవ్వాలి. వాడు మిస్సయిన ముఖ్యాంశాలు మళ్లీ వినపడాలి. అందుకే ప్రతి అరగంటకీ వాతావరణం చెబుతారు. మధ్యలో స్థానిక స్టేషన్లకి కొన్ని నిమిషాలు వదిలేస్తారు. దేశం సంగతి న్యూయార్కు చెబితే, ఊళ్లో ట్రాఫిక్ సంగతి ఊరి స్టేషన్ చెబుతుందన్నమాట.

ఈ పద్ధతికి గిరాకీ పెరిగింది. 1975 నవంబరులో ఏబీసీ సంస్థ 'గుడ్ మార్నింగ్ అమెరికా' పెట్టింది. దాని యాంకర్ డేవిడ్ హార్ట్‌మన్ విలేకరి కాదు, నటుడు. 1983 జనవరి 17న బీబీసీ 'బ్రేక్‌ఫాస్ట్ టైమ్' వచ్చింది. సూటూ బూటూ పక్కన పెట్టి స్వెట్టర్లు వేసుకున్న యాంకర్లు ఎర్ర సోఫాలో కూర్చుని వార్తలు చెబుతుంటే ఇంగ్లండులో జనం ఆశ్చర్యపోయారు. ఆకుపచ్చ దుస్తుల్లో డయానా మోరాన్ అనే ఆవిడ రైల్వే స్టేషన్‌కెళ్లి, రైలు కోసం చూస్తున్నవాళ్లతో వ్యాయామం చేయించేది. ఇక 'టుడే' రెండు గంటల షో కాస్తా 2000లో మూడు, 2007లో నాలుగు గంటలైంది. ఉదయపు షోలంటే నెట్‌వర్కులకి పెద్ద ఆదాయం మరి.

స్టేడియం నుంచి స్టూడియోకి

ఈ షోల్లో పేరు తెచ్చుకున్న యాంకర్లలో చాలామంది ఆటల నుంచి వచ్చినవాళ్లే. 1982లో 'టుడే'లో చేరి 15 ఏళ్లు నడిపిన బ్రయంట్ గంబెల్ అంతకుముందు ఎన్‌బీసీలో ఆటల వ్యాఖ్యాత. బీబీసీ సోఫాలో కూర్చున్న ఫ్రాంక్ బావ్ శనివారాల్లో ఆటల కార్యక్రమం నడిపినాయనే. 'గుడ్ మార్నింగ్ అమెరికా'లో రాబిన్ రాబర్ట్స్‌దీ ఈఎస్‌పీఎన్ అనుభవమే. కారణం లేకపోలేదు. ఆటకి స్క్రిప్టు ఉండదు. గంటల తరబడి లైవ్‌లో మాట్లాడాలి. వానొచ్చి మ్యాచ్ ఆగినా నోరు ఆగకూడదు. ఉదయపు షోకి కావాల్సిందీ ఆ చాకచక్యమే.

ఆడవాళ్లకి మాత్రం ఆ కుర్చీ తేలిగ్గా దొరకలేదు. బార్బరా వాల్టర్స్ 1961లో 'టుడే'లో రచయితగా చేరింది. 1970ల మొదట్లో ఫ్రాంక్ మెగీ యాంకర్‌గా ఉన్నప్పుడు, పెద్ద నాయకులెవరైనా వస్తే మొదటి మూడు ప్రశ్నలూ ఆయనే అడగాలని నియమం. ఆమె వంతు నాలుగో ప్రశ్న నుంచే! 1974లో ఆయన మరణించాకే ఆమెకి అధికారికంగా సహ యాంకర్ హోదా వచ్చింది. మరో రెండేళ్లకే ఏబీసీ సంస్థ ఏడాదికి పది లక్షల డాలర్లిచ్చి రాత్రి వార్తలకు తీసుకెళ్లింది.

వాతావరణం చెప్పే విల్లర్డ్ స్కాట్‌ది ఇంకో దారి. 1983లో ఒకరి కోరిక మీద నూరేళ్లు నిండినవాళ్లకి శుభాకాంక్షలు చెప్పడం మొదలుపెట్టాడు. దాంతో ఉత్తరాలు వెల్లువెత్తాయి. తాతయ్యల, బామ్మల ఫొటోలు తెరమీద కనిపించడం ఓ ఆనవాయితీ అయిపోయింది. వానా ఎండా సంగతి చెప్పే మనిషి ఇంటి పెద్దల పుట్టినరోజూ చెబుతుంటే, ఆయన్ని టీవీ మనిషని ఎవరనుకుంటారు? బంధువనుకుంటారు. ఉదయపు షో అసలు బలం ఇదే.

నవ్వే ముఖాలే కబురు చెప్పాయి

ఆ బలం ఎంతటిదో 2001 సెప్టెంబరు 11న తెలిసింది. ఉదయం 8 గంటల 46 నిమిషాలకు మొదటి విమానం ప్రపంచ వాణిజ్య కేంద్రాన్ని ఢీకొట్టింది. అప్పుడు 'టుడే'లో మ్యాట్ లావర్, కోటీశ్వరుడు హోవార్డ్ హ్యూజ్ గురించి పుస్తకం రాసిన రచయితతో మాట్లాడుతున్నాడు. ఆ సంభాషణ మధ్యలోనే ఆగిపోయింది. 9 గంటల 3 నిమిషాలకు రెండో విమానం ఢీకొట్టడాన్ని జనం లైవ్‌లో చూశారు. అంతకు కాసేపటి ముందు దాకా సరదాగా కబుర్లు చెప్పిన ముఖాలే ఆ ఘోరాన్నీ చెప్పాల్సి వచ్చింది.

కెమెరా ముందు పరీక్ష

'టుడే' యాంకర్ కేటీ కౌరిక్ భర్త జే మొనహన్ 1998 జనవరిలో పెద్దపేగు క్యాన్సర్‌తో చనిపోయాడు. వయసు 42 ఏళ్లే. ఇద్దరూ చిన్నపిల్లలు. ఆ జబ్బు ముందే తెలుసుకోవడానికి కొలనోస్కోపీ అనే పరీక్ష ఉంది. కెమెరా ఉన్న సన్నని గొట్టంతో పేగు లోపల చూస్తారు. క్యాన్సర్‌గా మారే అవకాశమున్న చిన్న బుడిపెలు కనిపిస్తే అప్పుడే తీసేయొచ్చు. కానీ ఆ పేరెత్తితేనే జనం సిగ్గుపడేవారు, భయపడేవారు.

2000 మార్చిలో కేటీ ఆ పరీక్షని తనే చేయించుకుంది. అదీ 'టుడే' కెమెరా ముందు! లక్షలమందికి కాఫీ వేళ కబుర్లు చెప్పే మనిషి ఆస్పత్రి మంచం మీద పడుకుని తన పేగు లోపలి దృశ్యం చూపించింది. ఫలితం? మూడేళ్ల తర్వాత ఓ వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనం 400 మంది డాక్టర్ల రికార్డులు పరిశీలించింది. ఒక్కో డాక్టరు నెలకి సగటున 15 పరీక్షలు చేసేవారు. కేటీ కార్యక్రమం తర్వాత అది 18కి పెరిగింది. ఆ ప్రభావం దాదాపు 9 నెలలు కనిపించింది. పరిశోధకులు దానికి 'కేటీ కౌరిక్ ప్రభావం' అని పేరు కూడా పెట్టారు.

2013 అక్టోబరులో 'గుడ్ మార్నింగ్ అమెరికా' విలేకరి ఏమీ రోబాక్‌కి షో నిర్మాతలు ఓ పని అప్పజెప్పారు. రొమ్ము క్యాన్సర్ అవగాహన కోసం లైవ్‌లో మామోగ్రామ్ తీయించుకోవాలి. ఆమెకి 40 ఏళ్లు. మొదట ఇష్టపడలేదు. అప్పటికే రొమ్ము క్యాన్సర్‌ని ఎదుర్కొన్న రాబిన్ రాబర్ట్స్ నచ్చజెప్పింది. సరేనని తీయించుకుంటే... నిజంగానే క్యాన్సర్ బయటపడింది! నవంబరులో ఆ విషయం ఆమే అదే షోలో చెప్పి శస్త్రచికిత్సకి వెళ్లింది. చూసేవాళ్ల కోసం చేసిన కార్యక్రమం చేసినావిడకే అక్కరకొచ్చింది.

నమ్మకం బీటలు వారితే...

ఇంటి మనిషి అనుకున్నవాళ్లు మాట తప్పితే కోపం కూడా అంతే ఉంటుంది. ఎన్‌బీసీ వైద్య వ్యవహారాల ప్రధాన సంపాదకురాలు డాక్టర్ నాన్సీ స్నైడర్‌మన్ 2014లో ఎబోలా వార్తల కోసం లైబీరియా వెళ్లింది. బృందంలో ఒకరికి ఆ జబ్బు సోకడంతో, తిరిగొచ్చాక 21 రోజులు ఎవరినీ కలవకుండా ఇంట్లోనే ఉంటామని ఒప్పుకొన్నారు. ఆ గడువు తీరకముందే ఆమె కారు న్యూజెర్సీలో ఓ రెస్టారెంట్ ముందు కనిపించింది. ఆమెకి జబ్బేమీ లేదు, ఎవరికీ అంటుకోలేదు. అయినా జనం ఊరుకోలేదు. ఊరందరికీ జాగ్రత్తలు చెప్పే డాక్టరే పాటించకపోతే ఎలా? 'టుడే'లోనే క్షమాపణ చెప్పుకొంది. 2015 మార్చిలో ఉద్యోగం వదిలేసింది.

యాంకర్ల విషయంలోనూ అంతే. వరసగా 852 వారాలు మొదటి స్థానంలో ఉన్న 'టుడే' 2012 ఏప్రిల్‌లో వెనకబడింది. జూన్‌లో యాంకర్ ఆన్ కరీని తప్పించారు. ఆమె కన్నీళ్లతో వీడ్కోలు చెప్పడం చూసిన ప్రేక్షకులు సంస్థ మీద కోపగించుకున్నారు. 2017 నవంబరులో లైంగిక దుష్ప్రవర్తన ఆరోపణతో మ్యాట్ లావర్‌ని తొలగించారు. ఆ వార్తని ప్రేక్షకులకి చెప్పాల్సింది తోటి యాంకర్లే. తడబడుతూనే చెప్పారు.

మన ఇంట్లో పొద్దున

మనకి దూరదర్శన్ ఉదయం ప్రసారాలు 1987 ఫిబ్రవరిలో మొదలయ్యాయి. ప్రైవేటు ఛానళ్లొచ్చాక పొద్దుటి కంచం నిండింది. సుప్రభాతం, రాశిఫలాలు, యోగా, వార్తలు, పత్రికల ముఖ్యాంశాలు, సినిమా పాటలు. 1995లో వచ్చిన ఈటీవీ 'అన్నదాత'నే చూడండి. పొలానికి బయల్దేరేలోపు రైతు చూసేలా ఉదయాన్నే పెట్టారు. చూసేవాళ్ల గడియారాన్ని బట్టి కార్యక్రమం అన్న వీవర్ సూత్రమే అది కూడా.

మన దగ్గర జాగ్రత్తగా చూడాల్సింది డాక్టరు సలహా దగ్గరే. వార్తల తర్వాత అదే సోఫాలో, అదే యాంకర్ పక్కన ఓ వైద్యుడు కూర్చుంటారు. కింద ఫోన్ నంబరు పరుగెడుతుంటుంది. అది ఛానల్ పిలిచి అడిగిన సలహానా, డబ్బు కట్టి కొనుక్కున్న సమయమా? ప్రకటన ఏదో, కార్యక్రమం ఏదో స్పష్టంగా తెలియాలని కేబుల్ టీవీ నియమాలు చెబుతున్నాయి. మధుమేహం, క్యాన్సర్, ఊబకాయం లాంటి జబ్బుల్ని నయం చేస్తామంటూ మందులకి ప్రకటనలివ్వడాన్ని 1954 నాటి చట్టమే నిషేధించింది.

తేడా పట్టుకోవడం కష్టమేం కాదు...

* 'మీ డాక్టర్ని అడగండి' అంటే సలహా. 'మా దగ్గరికే రండి' అంటే ప్రకటన.

* పరీక్ష ఎవరికి అవసరమో, ఎవరికి అక్కర్లేదో రెండూ చెబితే నమ్మొచ్చు.

* 'పూర్తిగా నయం', 'నూటికి నూరు శాతం' అన్న మాట వినిపిస్తే ఛానల్ మార్చేయొచ్చు.

* వాడుతున్న మందులు ఆపేయమని టీవీలో ఎవరు చెప్పినా వినకూడదు.

స్కోరు తప్పు చెబితే సాయంత్రానికి తెలిసిపోతుంది. టీవీ చూసి వండిన కూరలో ఉప్పెక్కువైతే కాస్త పెరుగు కలుపుకోవచ్చు. వైద్యం విషయంలో అలా కుదరదు. కేటీ కౌరిక్ తనని చూసి మందు కొనుక్కోమనలేదు, వెళ్లి పరీక్ష చేయించుకోమంది. అందుకే ఉదయం టీవీలో పనికొచ్చే ఆరోగ్యం కబురు వినిపిస్తే ఆ పరీక్ష పేరు క్యాలెండర్ మీద రాసి పెట్టుకోండి. ఈసారి మీ డాక్టరు దగ్గరికెళ్లినప్పుడు అది నాకు అవసరమా అని అడగండి.